గంజాయి, ముదిమి, మతిమరుపు: ఒక ఆశ ఎక్కడ మొలిచింది?

వయసు మళ్ళాక కాస్త గంజాయి పడితే మతిమరుపు తగ్గుతుందన్న మాట ఈ మధ్య బాగా తిరుగుతోంది. దాని వేరు 2017లో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయం చేసిన చిట్టెలుకల ప్రయోగంలో ఉంది. కానీ అసలు కథ అంతకు చాలా ముందే మొదలైంది.

నల్లమందులోంచి మార్ఫిన్‌ను 19వ శతాబ్దం మొదట్లోనే వేరు చేశారు. గంజాయి అంత తేలిగ్గా లొంగలేదు. ఒకదాన్నొకటి పోలిన పదార్థాలెన్నో జిగురు నూనెలో కలిసి ఉంటాయి మరి. మత్తెక్కించే టీహెచ్‌సీ నిర్మాణాన్ని 1964లో ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెచూలం, యెహియెల్ గావోని తేల్చారు. అందుకు వాడిన సరుకు, పోలీసులు పట్టుకున్న హషీష్ (గంజాయి జిగురు)! అది మెదడులో ఎక్కడ అతుక్కుంటుందో 1988లో అమెరికాలో ఆలిన్ హౌలెట్, విలియం డివేన్ పట్టుకున్నారు. ఆ చోటు పేరు సీబీ1 గ్రాహకం. అక్కడే అతుక్కునే పదార్థం ఒంట్లోనూ తయారవుతుందని 1992లో పంది మెదడు ద్వారా తెలిసింది. దానికి మన ‘ఆనంద’ పదంతోనే ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

సీబీ1 లేకుండా పుట్టించిన ఎలుకలకు జ్ఞాపకశక్తి ముందుగానే తగ్గుతోందని బాన్ బృందం 2005లో చూపింది. ఆనందమైడ్, సీబీ1 కలిసిన ఈ వ్యవస్థ వయసుతో నీరసపడితే, టీహెచ్‌సీని బయటి నుంచి అందిస్తే ఏమవుతుంది? 2017 ప్రయోగం ఈ ప్రశ్నకే.

రెండు, పన్నెండు, పద్దెనిమిది నెలల ఎలుకలను తీసుకున్నారు. కిలో బరువుకు రోజుకు 3 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, 28 రోజులు. సూది మందు కాదు, చర్మం కింద పెట్టిన చిన్న ఆస్మోటిక్ పంపు. ఒంట్లోని నీరు దాని గోడలోంచి లోపలికి ఊరుతూ మందు సంచిని నొక్కుతుంది, మందు సన్నగా, ఆగకుండా దిగుతుంది. మందు ఆపి కొన్ని రోజులు గడిచాకే పరీక్షలు పెట్టారు. నీటి తొట్టిలో మునిగి ఉన్న పలకను వెతుక్కోవడం వాటిలో ఒకటి. ముసలి ఎలుకలు, మందు ఇవ్వని పడుచు ఎలుకల స్థాయికి చేరాయి. పడుచు ఎలుకలకు మాత్రం అదే మందుతో నేర్పు తగ్గింది. నా దృష్టిలో ఈ రెండో ఫలితమే ఎక్కువ విలువైనది.

ఎలుక మోతాదును మనిషికి మార్చాలంటే సుమారు పన్నెండుతో భాగిస్తారు. 60 కిలోల మనిషికి రోజుకు 15 మిల్లీగ్రాములు వస్తుంది, అదీ కాగితం మీద. పొగ పీలిస్తే నిమిషాల్లో రక్తంలో మోతాదు ఎగసి పడిపోతుంది. తింటే గంటా రెండు గంటల దాకా ఏమీ తెలియదు. ‘పని చేయలేదు’ అనుకుని ఇంకాస్త తినేవాళ్ళకే ప్రమాదం. పెద్దవాళ్ళలో అది లేవగానే బీపీ పడిపోవడంగా, తూలి పడిపోవడంగా బయటపడుతుంది. పంపు ఇచ్చే సన్నని ధార ఈ రెంటిలోనూ లేదు.

మనుషుల లెక్క వేరుగా ఉంది. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో 1972–73లో పుట్టిన 1,037 మందిని చిన్ననాటి నుంచి గమనిస్తున్నారు. ఏళ్ళ తరబడి గంజాయి వాడినవాళ్ళ ఐక్యూ 45 ఏళ్ళకు సగటున 5.5 పాయింట్లు తగ్గిందని 2022లో ప్రకటించారు. వాళ్ళు వాడింది పడుచు, నడివయసుల్లో. ముదిమిలో మొదలుపెట్టినవాళ్ళ సంగతి ఇందులో లేదు. నెదర్లాండ్స్‌లో డిమెన్షియా (ముదిమిలో వచ్చే మతిమరుపు జబ్బు) ఉన్న 50 మందిపై జరిగిన పరీక్షలో కొందరికి 1.5 మిల్లీగ్రాముల టీహెచ్‌సీని రోజుకు మూడుసార్లు, మూడు వారాలు ఇచ్చారు. కొలిచింది జ్ఞాపకశక్తిని కాదు, చిరాకు, ఆందోళన వంటి ప్రవర్తనను. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళకన్నా మెరుగేమీ కనిపించలేదు. పైన వేసిన లెక్కతో పోలిస్తే ఆ మోతాదు దాదాపు మూడో వంతే.