నడుం వంగితేనే సూది

"గడ్డం ఎదకు ఆనియ్యి పెద్దమ్మా, ఇంకొంచెం ముందుకు వంగు." నడుం నుంచి కిందికి మొద్దుబార్చే మత్తుసూది వెన్నులో వేసే ముందు, ఆపరేషన్ బల్ల మీద మత్తు డాక్టరు అడిగేది ఇదే. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు దిక్కు నుంచి వచ్చిన ముసలివాళ్లు కొందరు చెప్పేదీ ఒకటే: "వంగుతలేదు సారూ."

వంగకుంటే చిక్కే. పెద్దవాళ్లలో వెన్నుపాము మామూలుగా నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. అందుకని ఇంకా కిందికి, మూడు నాలుగు పూసల మధ్య సందులో గుచ్చుతారు. మనిషి వంగితే ఆ సందు తెరుచుకుంటుంది. పూసల్ని కట్టిపెట్టే తాళ్లలాంటి పట్టీలను సూది దాటగానే వేలికి చిన్న సడలింపు తెలుస్తుంది. లోపలి సన్న తీగ లాగితే సూది చివర వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం, నీళ్లలాంటి చుక్క ఒకటి నిలుస్తుంది. ఆ చుక్క కోసమే ఇంత తిప్పలు. అది కనిపించాక రెండు మూడు మిల్లీలీటర్ల బుపివకైన్ అనే మత్తుమందు చాలు. నాడుల్లోకి సోడియం పోయే దారులు మూసుకుని నొప్పి కబురు మెదడుకు చేరదు. కాళ్లు ముందు వెచ్చబడి, తర్వాత బరువెక్కుతాయి.

నల్లగొండ బోరు నీళ్లు సరిగ్గా ఆ పట్టీలనే పట్టుకున్నాయి. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. ఇక్కడి గ్రానైటులో ఊరిన నీళ్లు ఎన్నో ఊళ్లలో ఆ గీత దాటాయి. ఏళ్లకేళ్లు తాగితే ఎముక మందమై, పట్టీలకు సున్నం పడుతుంది. సూది రాయికి తగిలినట్టు ఆగిపోతుంది. అప్పుడు నడిమధ్య వదిలి కాస్త పక్క నుంచి దారి వెతుకుతారు, అల్ట్రాసౌండ్ ఉంటే సందు చూసుకుంటారు. పూర్తి మత్తిద్దామంటే, మెడా బిగుసుకున్న మనిషికి గొంతులో గొట్టం వేయడం అంతకంటే కష్టం.

"పెద్దాపరేషన్ల నడుముకు సూదేసిండ్రు, అప్పటి సంది నడుం పోయింది" అనే మాట మా దిక్కు ఇంటింటా వినిపిస్తుంది. గుచ్చిన చోట కొన్ని రోజులు నొప్పి నిజమే, ఏళ్ల నొప్పి మాత్రం సూది పాపం కాదు. సూది తెచ్చే అసలు బాధ తలనొప్పి: చేసిన రంధ్రంలోంచి ద్రవం కారితే, లేచి కూర్చోగానే తల పగిలిపోతుంది. 1898లో ఈ పద్ధతిని తన మీదే ప్రయత్నం చేయించుకున్న జర్మన్ సర్జన్ ఆగస్ట్ బియర్‌కూ అది తప్పలేదు. ఇప్పటి సన్న సూదులతో బాగా తగ్గింది.

మిషన్ భగీరథ నల్లాల్లో శుద్ధి చేసిన నీళ్లు వచ్చినా, ఎముకలో చేరిన ఫ్లోరైడు తొందరగా పోదు. అందుకే ఆపరేషన్‌కు ముందు చూసేటప్పుడు నోరు తెరిపించి, మెడ వెనక్కి వాల్పించాక ఇంకో ప్రశ్న అడగాలి, నాకైతే సగం రక్తపరీక్షల కంటే అదే పనికొస్తుంది: "ఏ ఊరు పెద్దమ్మా? బోరు నీళ్లు ఎన్నేండ్లు తాగినవ్?"