కండ్లు మూస్తే ఒళ్ళు తూలుతది

హన్మకొండలో మా నాయినమ్మ ముఖం కడుక్కునేటప్పుడు ఒక చెయ్యి గోడకు ఆనించేది. "కండ్లు మూస్తే ఒళ్ళు తూలుతది బిడ్డా" అనేది. వయసు మీద పడిందిలే అనుకున్నాం. అది వైద్యులకు ఎప్పటినుంచో తెలిసిన లక్షణమని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మనం పడిపోకుండా నిలబడాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్ళు చుట్టుపక్కల చూస్తాయి. లోపలి చెవిలో ద్రవం నిండిన మూడు వంపు నాళాలు తల ఎటు తిరిగిందో పసిగడతాయి. పాదాల్లోని నరాలు నేల మెత్తనా, గట్టిదా, ఏటవాలా అన్నది చెబుతాయి. వయసుతో ఈ మూడూ మందగిస్తాయి. షుగర్ ఉంటే పాదాల స్పర్శ ఇంకా ముందే తగ్గవచ్చు. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదని కొందరు పెద్దవాళ్ళు చెప్పేది దీని గురించే. అప్పుడు భారమంతా కళ్ళ మీద పడుతుంది. కళ్ళు మూసుకుంటే ఆ ఆసరా కూడా పోతుంది. పాదాలు దగ్గరగా పెట్టించి, కళ్ళు మూయించి చూసే పరీక్షను 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రోంబర్గ్ పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. కరెంటు పోయిన రాత్రి బాత్రూంకు నడవడం కూడా పెద్దవాళ్ళకు అలాంటి పరీక్షే.

నాయినమ్మ పడింది ఒక్కసారే, వాకిట్లో సాన్పు చల్లిన తడి మీద. ఎముక విరగలేదు. కానీ భద్రకాళి గుడికి పోవడం మానేసింది. మేమూ "నువ్వు కూసో, మేం తెస్తం" అంటూ ప్రేమకొద్దీ మంచం దిగనివ్వలేదు. అది మా పొరపాటు. కదలకపోతే తొడల్లో బలం తగ్గిపోతుంది. భయపడితే ఒళ్ళు బిగుసుకుంటుంది, అడుగులు చిన్నవవుతాయి, చూపు కాళ్ళ దగ్గరే ఆగిపోయి ఎదురుగా ఉన్న గడప ఆలస్యంగా కనిపిస్తుంది. పడకూడదన్న టెన్షనే మళ్ళీ పడేలా చేస్తుంది.

1990లో అమెరికన్ వైద్యురాలు మేరీ టినెట్టి బృందం ఈ భయాన్ని కొలవడానికి 10 ప్రశ్నలు తయారుచేసింది. భయమేస్తోందా అని అడగలేదు. స్నానం చేయడం, మంచం మీంచి లేవడం, ఇంట్లో తిరగడం లాంటి పనులు పడకుండా చేసుకోగలనన్న నమ్మకం ఎంత ఉందని అడిగారు. మేమూ ఆ తీరుగానే అడిగాం. వంటింట్లో తిరగడానికి నాయినమ్మకు ఏ భయమూ లేదు. ఆమె భయమంతా స్నానాల గది గురించే!

నల్లా పక్కన గోడకు రాడ్డు బిగించాం, రాత్రంతా చిన్న బల్బు వెలిగేలా పెట్టాం. ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజూ చేయించాం. ఇప్పుడు గల్లీ చివరి దాకా ఒక్కతే పోయి వస్తుంది. గుడికి మాత్రం నేను పక్కన ఉంటేనే.