బిడ్డ ఎదురుకాళ్లతో ఉందా? తొమ్మిదో నెల అపోహలు - వాస్తవాలు

తొమ్మిదో నెల స్కాన్ రిపోర్టులో ‘బ్రీచ్’ అని కనిపిస్తే చాలు, సాయంత్రానికల్లా ఇంట్లో అందరూ డాక్టర్లైపోతారు. ఒకరు మోకాళ్ల మీద వంగమంటారు. ఒకరు పొట్ట రుద్దించుకోమంటారు. ఇంకొకరు అప్పటికే పంతులుగారికి ఫోన్ చేసి ఆపరేషన్‌కి ముహూర్తం అడుగుతుంటారు. ప్రసూతి వైద్యురాలిగా ఓపీలో నేను తరచూ వినే మాటలు ఇవి. ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు విషయం ఏమిటంటే, కడుపులో బిడ్డ తల పైకి, పిర్రలు లేదా పాదాలు కిందికి ఉండటాన్నే బ్రీచ్ అంటాం. నెలలు నిండాక ఇలా ఉన్నవాళ్లలో ఎక్కువమంది పిర్రలు కింద పెట్టి, కాళ్లు రెండూ మొహం వైపు చాపుకుని ఉంటారు. కొందరు బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పాదం ముందు ఉండేవాళ్లు తక్కువే, కానీ ప్రమాదం ఎక్కువ ఉండేది వాళ్లకే. అందుకే స్కాన్ చేసిన డాక్టర్ని ‘బ్రీచా కాదా’ అని మాత్రమే కాదు, ‘కాళ్లు ఎలా ఉన్నాయి’ అని కూడా అడగండి.

అపోహ: ఏడో నెలలోనే బ్రీచ్ అన్నారు, ఇక ఆపరేషన్ తప్పదు.

28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒక బిడ్డ ఇలాగే ఉంటుంది. అప్పటికి ఉమ్మనీరు ఎక్కువ, చోటు ఎక్కువ, బిడ్డ చిన్నది. రోజుకో పక్కకి తిరుగుతుంది. నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మాత్రమే అలా మిగులుతారు. ఐదో నెల స్కాన్ రిపోర్టులో ఆ మాట చూసి టెన్షన్ పడటంలో అర్థమే లేదు. మేం పట్టించుకునేది 36 వారాలప్పుడు. ఆ తర్వాత కూడా తిరిగే బిడ్డలున్నారు. తొలికాన్పులో నూటికి ఎనిమిది మంది దాకా తమంతట తామే తిరుగుతారు, ముందు కాన్పులు అయినవాళ్లలో ఇంకా ఎక్కువ.

అపోహ: బిందె ఎత్తింది, స్కూటీ మీద తిరిగింది, ఎడమ పక్కకి పడుకోలేదు. అందుకే బిడ్డ తిరగలేదు.

ఈ మాటకు జవాబు నేను కావాలనే అత్తగారు, అమ్మ ఇద్దరూ గదిలో ఉన్నప్పుడు చెప్తాను. తల్లి చేసిన పని వల్ల బిడ్డ బ్రీచ్‌లో ఉండిపోదు. గర్భసంచి ఆకారంలో తేడా, అందులో గడ్డలు, మాయ కిందికి ఉండటం, ఉమ్మనీరు మరీ ఎక్కువ లేదా మరీ తక్కువ కావడం, కవలలు, కొన్నిసార్లు బిడ్డలోనే ఏదైనా సమస్య, ఇవీ కారణాలు. చాలామందిలో వెతికినా ఏ కారణమూ దొరకదు. అయినా 36 వారాలకు ఒకసారి స్కాన్ చేయాల్సిందే. మాయ ఎక్కడుందో తెలియకుండా తర్వాతి అడుగు వేయకూడదు.

అపోహ: మంత్రసాని రుద్దితే తిరుగుతుంది. డాక్టర్లు పొట్ట మీద నొక్కితే మాత్రం ప్రమాదం.

ఈ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒక్కోసారి ఒకే మనిషి నోట వినిపిస్తాయి. నిజం దీనికి పూర్తిగా తలకిందులు.

పొట్ట మీద చేతులు వేసి బిడ్డను తిప్పే పద్ధతి వైద్యంలో ఉంది. దాన్ని ఈసీవీ అంటారు. తొలికాన్పు అయితే 36 వారాలకు, ముందు కాన్పులు అయి ఉంటే 37 వారాలకు చేస్తారు. ముందు స్కాన్‌లో బిడ్డ, మాయ, ఉమ్మనీరు చూస్తారు. బిడ్డ గుండె కొట్టుకోవడాన్ని మెషీన్ మీద కాసేపు రికార్డు చేస్తారు. గర్భసంచి వదులవడానికి ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత డాక్టర్ ఒక చేత్తో పిర్రల్ని కటి ఎముకల్లోంచి పైకి లేపి, రెండో చేత్తో తలను మెల్లగా కిందికి జరుపుతూ బిడ్డ చేత పిల్లిమొగ్గ వేయిస్తారు. కొన్ని నిమిషాల పని. హాయిగా ఏమీ ఉండదు, నొప్పిగా ఉంటే ఆపమని చెప్పే హక్కు మీకుంది. అయ్యాక మళ్లీ గుండె రికార్డు చూస్తారు. తల్లి రక్తం నెగటివ్ గ్రూపు అయితే యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు.

మొత్తం మీద సుమారు సగం మందిలో ఇది ఫలిస్తుంది. ముందు కాన్పులు అయినవాళ్లలో కాస్త ఎక్కువ, తొలికాన్పులో కాస్త తక్కువ. ఒకసారి తిరిగిన బిడ్డ మళ్లీ వెనక్కి తిరగడం నూటికి ఐదు కంటే తక్కువ. దీని తర్వాత వెంటనే సిజేరియన్ చేయాల్సి రావడం సుమారు 200 మందిలో ఒకరికి. అందుకే ఆపరేషన్ థియేటర్ పక్కనే ఉన్న ఆసుపత్రిలోనే చేస్తారు.

ఇంట్లో రుద్దించుకోవడంలో లేనివి ఇవన్నీ. మాయ ఎక్కడుందో చూసేవాళ్లు లేరు, బిడ్డ గుండె వినేవాళ్లు లేరు, మాయ ఊడి రక్తస్రావమైతే థియేటర్ లేదు. అనుభవమున్న చేతులే అయినా వద్దు. ఆసుపత్రిలోనైనా ఈసీవీ అందరికీ చేయరు. మాయ అడ్డంగా ఉన్నా, ఈమధ్యే రక్తస్రావమైనా, ఉమ్మనీరు పోయినా, గుండె రికార్డు బాగాలేకపోయినా, కవలలున్నా చేయరు. ముందు ఒక సిజేరియన్ అయినంత మాత్రాన కుదరదని మాత్రం కాదు, డాక్టర్‌తో మాట్లాడండి.

బ్రిటన్‌లో ఉన్న మన అమ్మాయిలకు 36 వారాలప్పుడు ఆసుపత్రివాళ్లే దీని సంగతి చెప్పి, చేయించుకుంటారా అని అడుగుతారు. వాళ్లు కంగారుపడి ఇక్కడికి ఫోన్ చేస్తే, ‘పొట్ట నొక్కనివ్వకు’ అని అమ్మ చెప్తుంది. ఇక్కడ మాత్రం చాలామంది గర్భిణులకు అసలు ఇలాంటిది ఉందనే తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ ఇంత మామూలైపోయిన చోట, తిప్పి చూద్దామనే మాట ఎవరి నోటా రావడం లేదు. మీ ఆసుపత్రిలో చేయకపోతే చేసేచోటు ఎక్కడుందో అడగండి. అడగడంలో తప్పు లేదు, మీ డాక్టర్ నొచ్చుకోనక్కర్లేదు.

అపోహ: మోకాళ్ల మీద వంగితే, పొట్ట కింద టార్చి వేస్తే తిరుగుతుంది.

వంగి ఉండే భంగిమల వల్ల బిడ్డ తిరుగుతుందనడానికి సరైన ఆధారం లేదు. బీపీ లేకుండా, కళ్లు తిరగకుండా ఉంటే కాసేపు వంగినందువల్ల నష్టమూ లేదు. టార్చి, ఐసు ముక్కలు, పాటలు కూడా అంతే. చైనా వైద్యంలో కాలి చిటికెన వేలి దగ్గర ఒక మూలికను కాల్చి వేడి తగిలిస్తారు. దానివల్ల కొంత ఉపయోగం ఉండొచ్చని పరిశోధనలున్నాయి, కానీ యూట్యూబ్ చూసి ఇంట్లో అగరొత్తి పెట్టుకోకండి. ఆముదం మాత్రం తాగొద్దు. బిడ్డ తిరగదు, విరేచనాలు పట్టుకుంటాయి.

అపోహ: బ్రీచ్ అంటే సిజేరియన్ ఒక్కటే దారి. లేదా, మా అమ్మమ్మ ఎదురుకాళ్ల బిడ్డను ఇంట్లోనే కనేసింది.

బిడ్డలో అన్నిటికంటే పెద్ద భాగం తల. తల ముందు వచ్చే కాన్పులో గంటల తరబడి అది ఒదిగి దారి చేసుకుంటుంది. బ్రీచ్‌లో తల చివర్న వస్తుంది, ఒదగడానికి సమయం ఉండదు, ఆ కొన్ని నిమిషాలూ బొడ్డుతాడు నొక్కుకుపోతుంది. పాదం ముందుంటే బొడ్డుతాడు జారి బయటికొచ్చే ప్రమాదం కూడా ఉంటుంది. అమ్మమ్మ కన్న బిడ్డ బతికింది కాబట్టి ఆ కథ మన దాకా వచ్చింది. బతకని బిడ్డల గురించి ఎవరూ చెప్పుకోరు.

2000లో 26 దేశాల్లో 2,088 మంది గర్భిణులతో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ముందే అనుకుని సిజేరియన్ చేసిన వర్గంలో బిడ్డ చనిపోవడం లేదా తీవ్రంగా జబ్బుపడటం 1.6 శాతం, మామూలు కాన్పు అనుకున్న వర్గంలో 5 శాతం. దాంతో ప్రపంచమంతటా బ్రీచ్‌కు సిజేరియన్ ఆనవాయితీ అయింది. ఆ తర్వాత కొందరు పిల్లల్ని రెండేళ్ల వయసులో చూస్తే, మరణాల్లో గానీ ఎదుగుదలలో గానీ తేడా కనిపించలేదు. అంటే బిడ్డ, తల్లి, ఆసుపత్రి మూడూ అనుకూలిస్తే యోనిమార్గ కాన్పు ఇప్పటికీ అసాధ్యం కాదు. అయితే ఇన్నేళ్లలో చేసేవాళ్లు తగ్గిపోయారు, కొత్త డాక్టర్లు చూసిందే తక్కువ. చేయి తిరిగిన డాక్టర్, రాత్రీ పగలూ థియేటర్, పిల్లల డాక్టర్ ఉన్నచోట తప్ప నేను ఒప్పుకోను. లేనిచోట సిజేరియన్ నిస్సందేహంగా మంచిది.

అపోహ: ఎలాగూ ఆపరేషనే కదా, 37 వారాలకు మంచి ముహూర్తం ఉంది, చేసేయండి.

వేరే ఇబ్బంది లేనప్పుడు 39 వారాల దాకా ఆగాలి. ముందే తీస్తే కొందరు బిడ్డలకు ఊపిరి ఇబ్బంది వచ్చి ఎన్ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో ఉంచాల్సి వస్తుంది. ముహూర్తం 39వ వారంలో చూసుకోండి, నాకు అభ్యంతరం లేదు.

ఆ తేదీ రాకముందే నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా ఒక్క గంట కూడా ఇంట్లో ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, బిడ్డ బ్రీచ్‌లో ఉందని ముందే చెప్పండి. బొడ్డుతాడు బయటికి కనిపిస్తే దాన్ని లోపలికి తోయొద్దు. మోకాళ్ల మీద ఉండి, తల, ఛాతీ నేలకు ఆనించి, పిర్రలు పైకెత్తి ఉంచండి. బండిలో ఎడమ పక్కకి తిరిగి పడుకుని, నడుం కింద దిండు పెట్టుకుని పిర్రలు ఎత్తుగా ఉంచుకోండి.

అపోహ: ఒకసారి బ్రీచ్ అయితే ప్రతిసారీ అంతే.

మళ్లీ రావడం సుమారు పదిమందిలో ఒకరికి. బ్రీచ్ కోసం సిజేరియన్ అయినవాళ్లలో చాలామంది తర్వాతి కాన్పు మామూలుగా ప్రయత్నించొచ్చు.

అపోహ: ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుంది.

దీనికి నా దగ్గర వాస్తవం లేదు. నడుం పట్టు ఎవరు తొక్కినా తొక్కకపోయినా కొన్నాళ్లకు తగ్గుతుంది. ఆ పిల్లల్ని వదిలేయండి పాపం.

అపోహ: పుట్టాక ఇక బ్రీచ్ గురించి ఆలోచించక్కర్లేదు.

తల్లిదండ్రులకు ఎవరూ చెప్పని విషయం ఇదే. 36 వారాలప్పుడు లేదా ఆ తర్వాత బ్రీచ్‌లో ఉన్న బిడ్డల్లో తుంటి కీలు సరిగా కుదురుకోకపోవడం మిగతావాళ్ల కంటే ఎక్కువ. ఈసీవీతో తల కిందికి తిరిగి మామూలుగా పుట్టినా ఇది వర్తిస్తుంది. పుట్టగానే పిల్లల డాక్టర్ తుంటి పరీక్షించాలి, ఆరు వారాల వయసులో తుంటి అల్ట్రాసౌండ్ చేయించాలి. అప్పుడే కనిపెడితే చాలామందికి బెల్టులతో సరిపోతుంది, నడక వచ్చాక కనిపెడితే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. కాళ్లు కొన్ని రోజులు మొహం దగ్గరికే లేచి ఉంటాయి, వాటంతట అవే దిగుతాయి. నూనె రాసి, స్నానం పోసేటప్పుడు కాళ్లు తిన్నగా లాగొద్దని, పొత్తిగుడ్డలో బిగించి చుట్టొద్దని, స్నానం పోసే అవ్వకి ముందు రోజే చెప్పి పెట్టండి.