అట్లాస్ కొండల భాషలు: అపోహలు - వాస్తవాలు

భాషాశాస్త్రం క్లాసులో మొరాకో ప్రస్తావన వస్తే చాలు, ఈ మాటలు ఏటా వినాల్సిందే.

అపోహ: అక్కడి కొండల్లో మాట్లాడేది అరబ్బీ యాసే.

వాస్తవం: కాదు. హై అట్లాస్, సూస్ లోయల్లోని తషెల్హీత్, మిడిల్ అట్లాస్‌లోని తమాజీగ్త్ బెర్బర్ శాఖవి. అరబ్బీది సెమిటిక్ శాఖ. రెండూ ఆఫ్రో-ఆసియాటిక్ కుటుంబమే కాబట్టి దూరపు చుట్టరికం ఉంది, అంతే. అరబ్బీ మాటలు బోలెడు చేరాయి నిజమే. సంస్కృతం చేరినంత మాత్రాన తెలుగు ద్రావిడ భాష కాకుండా పోయిందా?

అపోహ: అచ్చు లేనిదే మాట పలకదు.

వాస్తవం: మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష వాళ్లం కదా, మనకు అలాగే అనిపిస్తుంది. తషెల్హీత్‌లో అ, ఇ, ఉ అని మూడే అచ్చులు. అవి ఒక్కటీ లేని మాటలు మామూలే. ‘నీకు బెణికింది’ అనాలంటే ‘త్‌ఫ్‌త్‌క్‌త్’. గొంతు మీద వేలు పెట్టి పలికి చూడండి, అదురే తెలియదు. ఏ హల్లయినా, చివరికి త్, క్ లాంటివైనా, సిలబుల్‌కు (ఒక్క ఊపులో పలికే మాట ముక్కకు) కేంద్రం కాగలవని భాషాశాస్త్రవేత్తలు డెల్, ఎల్మెద్‌లావి 1985లో రాశారు. నడుమ సన్నగా ఓ అచ్చు ఉంటుందని వాదించేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం డెల్ పక్షమే. అక్కడి పాటల ఛందస్సు కూడా ఆ హల్లులనే సిలబుల్‌గా లెక్కిస్తుంది మరి!

అపోహ: లిపి లేదు, సాహిత్యం లేదు.

వాస్తవం: 18వ శతాబ్దంలోనే మహమ్మద్ అవ్‌జల్ తషెల్హీత్‌లో పద్య గ్రంథాలు రాశాడు, అరబ్బీ లిపిలో. ఇప్పుడు బోర్డుల మీద కనిపించే తిఫినాగ్ లిపిని మొరాకో ఎంచుకున్నది 2003లో. దాని పాత రూపాన్ని వదలకుండా వాడుతూ వచ్చింది సహారాలోని తువారెగ్ జనం, ఈ కొండలవాళ్లు కాదు.

అపోహ: 2011లో ఈ భాషలకు అధికార హోదా వచ్చింది, ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: 2024 మొరాకో జనగణనలో అమాజీగ్ (అంటే బెర్బర్) భాషలు మాట్లాడేవాళ్లు 24.8 శాతం. అందులో తషెల్హీత్ 14.2, తమాజీగ్త్ 7.4. రాజ్యాంగంలో అన్నింటికీ కలిపి ఒకటే పేరు. బళ్లో నేర్పే ప్రామాణిక రూపం ఇంటి భాషకు కాస్త ఎడంగానే ఉంటుంది. పిల్లలకు అదొక అదనపు బరువని నా అభిప్రాయం.

ఈ రెండు భాషల మధ్య సరిహద్దు ఎక్కడని కూడా అడుగుతారు. డెమ్నాత్, జగోరా ఊళ్ల మీదుగా గీత గీస్తారు గానీ అది మా సౌకర్యం కోసమే. నిజానికి ఊరు ఊరుకీ మాట కొంచెం కొంచెంగా మారుతూ పోతుంది. నేర్చుకోవాలనుంటే ముందు ఎటు వెళ్తున్నారో తేల్చుకోండి. అగాదిర్ వైపైతే తషెల్హీత్, అజ్రూ, ఖెనీఫ్రా వైపైతే తమాజీగ్త్.