ఇరవై ఏళ్ళయినా నిండని సెప్టిక్ ట్యాంకు: అపోహలు - వాస్తవాలు

"మా ట్యాంకు కట్టి ఇరవై ఏళ్ళయింది మేడమ్, ఒక్కసారి కూడా తీయించే అవసరం రాలేదు."

ఇంటింటి సర్వేకి ఏ టౌన్‌కి వెళ్ళినా నాకు ముందు వినిపించే మాట ఇదే. చెప్పేవాళ్ళ ముఖంలో గర్వం కనిపిస్తుంది. మేస్త్రి పనితనం మంచిది కాబట్టే ట్యాంకు నిండలేదని వాళ్ళ నమ్మకం. సెప్టిక్ ట్యాంకుల వ్యర్థాల్ని శుద్ధి చేసే కేంద్రాలు నడిపించడం, చుట్టుపక్కల బోర్ల నీళ్ళు పరీక్ష చేయించడం నా ఉద్యోగం. ఈ ఒక్క అపోహ వల్ల జరిగినంత నష్టం మా రంగంలో మరే అపోహ వల్లా జరగలేదు. అందుకే ఎక్కువ చోటు దీనికే ఇస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. ఇంట్లో ఐదుగురు. ఫ్లష్‌కీ కడుక్కోవడానికీ కలిపి మనిషికి రోజుకు 30 లీటర్లు అనుకుందాం, తక్కువే చెప్తున్నాను. రోజుకు 150 లీటర్లు. ట్యాంకు 3,000 లీటర్లదైతే 20 రోజులకల్లా నిండాలి. ఆ తర్వాత లోపలికి ఎన్ని నీళ్ళు వస్తే అన్ని నీళ్ళు అవుట్‌లెట్ పైపులోంచి బయటికి పోవాలి. అంటే సరిగ్గా కట్టిన ట్యాంకు ఎప్పుడు చూసినా అవుట్‌లెట్ మట్టం దాకా నిండుగానే ఉంటుంది. బరువైనది అడుగున బురదగా దిగుతుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, మధ్యలో నీరు మాత్రం ఇంకుడు గుంతలోకి వెళ్తుంది. బాక్టీరియా ఆ బురదను కొంత కుళ్ళబెట్టి తగ్గిస్తుందే తప్ప మాయం చేయలేదు. బురద, తెట్టు కలిసి ట్యాంకులో మూడో వంతు ఆక్రమించేసరికి తీయించాలి. మామూలు ఇంటికి ఇది రెండు మూడేళ్ళకోసారి వచ్చే పని.

మరి ఇరవై ఏళ్ళుగా నిండని ట్యాంకులోది ఎక్కడికి పోయింది? దానికి రెండే దారులున్నాయి. అడుగున కాంక్రీటు లేక భూమిలోకి ఇంకిపోయి ఉండాలి, లేదా పైపులోంచి బురదతో సహా వీధి మోరీలోకి కొట్టుకుపోయి ఉండాలి.

చాలా ఇళ్ళలో ఉన్నది అసలు సెప్టిక్ ట్యాంకే కాదు. గుంత తవ్వి, సిమెంటు రింగులు దింపి, అడుగు వదిలేసి, పైన బిళ్ళ కప్పేస్తారు. "అడుగు వెయ్యకపోతే తొందరగా నిండదు సార్" అని మేస్త్రీలే సలహా ఇస్తారు. ఇంటి ఓనర్‌కి కాంక్రీటు ఖర్చు తప్పుతుంది, బండిని పిలిచే పనీ తప్పుతుంది. అదే 200 గజాల ప్లాటులో ఒక మూల ఆ గుంత, ఇంకో మూల బోరు. వీధిలో అన్ని ఇళ్ళూ అంతే. మీ గుంత మీ బోరుకి దూరంగా ఉన్నా పక్కింటి బోరుకి ఆనుకునే ఉంటుంది.

ఐఎస్ 2470 అని భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) పెట్టిన ప్రమాణం ఒకటి ఉంది. ఇంకుడు ఏర్పాటుకీ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని అందులో రాసి ఉంది. 18 మీటర్లంటే 59 అడుగులు. మన 200 గజాల ప్లాటు సాధారణంగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ఇక దూరం ఎక్కడి నుంచి వస్తుంది?

పైగా మన నేల సంగతి వేరు. తెలంగాణలో చాలా చోట్ల, రాయలసీమలో కొన్నిచోట్ల పైన కొంత మట్టి, మొరం, ఆ కింద గట్టి బండ. మందంగా మట్టి ఉన్న చోట మురుగు మెల్లగా దిగుతుంది, దారిలో సూక్ష్మజీవులు చాలావరకు ఆగిపోతాయి. బండ పగుళ్ళలో పడ్డ నీటిని వడగట్టేది ఏదీ లేదు. మన బోర్లు నీళ్ళు లాగేది కూడా ఆ పగుళ్ళలోంచే. బోరు వేసేటప్పుడు కేసింగ్ పైపు బండ తగిలేదాకా దింపి ఆపేస్తారు, దాని చుట్టూ ఉన్న సందును సిమెంటుతో మూసినవాళ్ళు అరుదు. వానాకాలంలో పై నీరు ఆ సందులోంచి నేరుగా దిగుతుంది.

ఒక టౌన్‌లో ఒక రిటైర్డ్ టీచర్ గారింటికి వెళ్ళాం. వీధిలో అందరూ గౌరవించే మనిషి. ఆయన ట్యాంకు కూడా ఏళ్ళ తరబడి తీయించలేదు. మూత తెరిపిస్తే లోపల మట్టం అవుట్‌లెట్ పైపుకి ఎంతో కిందుగా ఉంది. గోడ అవతలి ఇంట్లో నెలల పసిపాప ఉంది. తల్లికి పాలు చాలక పాలపొడి కలిపి పడుతున్నారు. ఆ ఇంటి బోరు నీళ్ళు హెచ్‌టూఎస్ సీసాలో (బాక్టీరియాను పట్టే పరీక్ష సీసా) పోసి ఉంచితే మర్నాటికి నల్లబడ్డాయి. మలం కలిసిందనడానికి అది గుర్తు. ల్యాబ్ రిపోర్టులో నైట్రేట్, అంటే మురుగు నుంచి నీళ్ళలో చేరే రసాయనం, లీటరుకు 45 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉంది.

ఆ పాప అమ్మమ్మ నన్ను పట్టుకుని ఒకటే మాట. "మేం మరగబెట్టే ఇస్తున్నాం కదమ్మా, ఏమీ కాదు కదా?" ఆమె టెన్షన్ చూస్తే నాకే చేతులు ఆడలేదు. ఇంతకంటే జాగ్రత్త ఆ కుటుంబం ఏం తీసుకుంటుంది? మరగబెడితే క్రిములు చస్తాయి, అది నిజం. నైట్రేట్ మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. పాపకి వేరే నీళ్ళు వాడమని ఆరోజే చెప్పాం. డాక్టరుకి చూపించారు, పాప బాగానే ఉంది.

టీచర్ గారు చాలా బాధపడ్డారు. "మేం ఒకరికి చెడు చేసేవాళ్ళం కాదమ్మా" అన్నారు. నిజమే, ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ వేసవిలోనే పాత గుంత పూడ్పించి రెండు గదుల ట్యాంకు, అడుగున కాంక్రీటుతో కట్టించారు.

నైట్రేట్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మురుగులోని అమ్మోనియాను నేలలో గాలి తగిలే చోట బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తుంది. అది మట్టికి అంటుకోదు, నీటితో పాటే కిందికి పోతుంది. పొలాల్లో వేసే యూరియా నుంచి కూడా వస్తుంది కాబట్టి ఊరి బయట బోర్లలో కనిపిస్తే అన్నిసార్లూ సెప్టిక్ ట్యాంకే కారణం అనలేం. ఇళ్ళ మధ్య బోరులో నైట్రేట్, క్లోరైడ్ రెండూ పెరిగి, మలంలో ఉండే ఈ-కొలై బాక్టీరియా కూడా కనిపిస్తే ఇంక అనుమానం అక్కర్లేదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 45 మిల్లీగ్రాములు హద్దు పెట్టింది. టీడీఎస్‌కి (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం), కాఠిన్యానికి వేరే నీళ్ళు దొరకనప్పుడు కొంత సడలింపు ఉంటుంది. నైట్రేట్‌కి ఆ సడలింపు కూడా లేదు.

ఆరు నెలల లోపు పిల్లలకే దీంతో ఎక్కువ ప్రమాదం. రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. అలా కనిపిస్తే గూగుల్ చూస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలకు ఈ భయం లేదు. యూవీ ప్యూరిఫైయర్, క్యాండిల్ ఫిల్టర్ నైట్రేట్‌ని ఏమీ చేయలేవు, ఆర్వో తగ్గిస్తుంది. మీ బోరు నీళ్ళు ఏడాదికోసారి, వానలు తగ్గాక, టెస్టు చేయించండి. టీడీఎస్ మీటరు ముంచి "నీళ్ళు బాగున్నాయి" అనే ఆర్వో సేల్స్ కుర్రాడి మాట టెస్టు కాదు. ఆ మీటరుకి బాక్టీరియా కనపడదు, నైట్రేట్ ఎంతో తెలియదు.

అయితే స్వచ్ఛభారత్‌లో కట్టిన జంట గుంతల మరుగుదొడ్లు కూడా తప్పేనా అని అడుగుతారు. కాదు. ఒక గుంత నిండాక మూసేసి రెండోది వాడతారు, మూసినది ఏడాదికి పైగా మాగి ఎరువవుతుంది. మట్టి లోతుగా ఉండి, భూగర్భ జలం గుంత అడుక్కి రెండు మీటర్లకు పైగా కిందుగా ఉండి, బోరు దూరంగా ఉన్న పల్లెకి అది మంచి పద్ధతి. ఇల్లు ఇల్లూ అతుక్కుపోయిన కాలనీలో పనికిరాదు.

అపోహ: మూత తీసి గంట ఉంచితే గ్యాస్ పోతుంది, దీపం దింపి చూస్తే తెలిసిపోతుంది.

దీనివల్ల మనుషులు చచ్చిపోతున్నారు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, కుళ్ళిన గుడ్డు వాసన. 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాల్లో వంద) దాటితే కొద్ది నిమిషాల్లోనే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన రావట్లేదు కాబట్టి గ్యాస్ పోయిందనుకుంటారు. 700 నుంచి 1,000 పీపీఎం మధ్య ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలతాడు. పైగా గ్యాస్ బురదలో ఇరుక్కుని ఉంటుంది, గంటసేపు మూత తీసి ఉంచినా కాలు పెట్టి కదిపిన క్షణాన బయటికి వస్తుంది. దీపం దింపితే ఈ గ్యాస్ సంగతి తెలియదు, మీథేన్ ఉంటే పేలుతుంది. వార్తల్లో చూడండి, మొదట ఒకరు దిగుతారు, పడిపోతారు, కాపాడ్డానికి తమ్ముడో కొడుకో దిగుతాడు, వాడూ పడిపోతాడు. ఒకరు పడిపోతే ఇంకొకరు దిగొద్దు. ఫైర్ వాళ్ళకి ఫోన్ చేయండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మనిషిని ట్యాంకులోకి దింపడం చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. దిగేవాడు ఒప్పుకున్నాడన్నది సాకు కాదు. 14420 హెల్ప్‌లైన్ ఉంది, మెషీన్ బండి వస్తుంది.

అపోహ: బెల్లం, పేడ, బాక్టీరియా పౌడర్ వేస్తే తీయించక్కర్లేదు.

మలంలోనే కావలసినంత బాక్టీరియా ఉంది, కొత్తగా కొని వేయక్కర్లేదు. కుళ్ళని పదార్థం ఏ పౌడర్ వేసినా అడుగునే ఉంటుంది. బాత్రూం కడిగే కొద్దిపాటి ఫినాయిల్‌తో ట్యాంకు చెడిపోదు, సీసాలకొద్దీ యాసిడ్ మాత్రం పోయకండి. ప్యాడ్లు, డైపర్లు, వైప్స్ ఏవీ వేయకండి. మా కేంద్రంలో జాలీకి అడ్డం పడేవి ఎక్కువగా ఇవే.

అపోహ: నీళ్ళు పాడుచేసేది ఫ్యాక్టరీలే, ఇళ్ళ మురుగు ఏం చేస్తుంది?

ఫ్యాక్టరీలను నేను వెనకేసుకు రావడం లేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ వ్యర్థాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో వచ్చిన పరిశోధన ప్రపంచాన్నే కలవరపెట్టింది. కానీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక చూడండి. దేశంలో పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ, అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 ఎంఎల్‌డీ. ఒక ఎంఎల్‌డీ అంటే రోజుకు పది లక్షల లీటర్లు. మిగిలింది మూసీ లాంటి నదుల్లోకి, చెరువుల్లోకి, కింద ఉన్న ఊళ్ళ పొలాల్లోకి పోతోంది. అదంతా మన బాత్రూముల్లోంచి, వంటింట్లోంచి వచ్చిందే.

అపోహ: శుద్ధి కేంద్రం పెడితే మా ఊరి నీళ్ళు పాడవుతాయి.

ఈ గొడవ ప్రతిచోటా జరుగుతుంది. వాట్సాప్‌లో ఒక ఫొటో తిరుగుతుంది, మర్నాడు స్థలం దగ్గర ధర్నా. ఊరి వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, మురుగు మోసే బండ్లు మా గడప ముందు నుంచి వెళ్తాయంటే ఎవరైనా జంకుతారు. కానీ కేంద్రం లేకపోతే ఆ బండి వెళ్ళకుండా ఆగుతుందా? రాత్రిపూట ఊరి చివర వాగులో పోసి వెళ్తుంది. కేంద్రంలోనైతే బురదను వేరుచేసి ఎండబెడతారు, నీటిని వేరే తొట్లలో శుద్ధి చేస్తారు, ఎండిన దానిలో క్రిములు చచ్చాకే బయటికి పంపుతారు. కేంద్రం నడవకుండా తాళం వేసి ఉన్నా, శుద్ధి చేయకుండా వదిలేస్తున్నా అడగండి, గట్టిగా అడగండి. మన దేశంలో ఇలాంటి మొదటి కేంద్రం కర్ణాటకలోని దేవనహళ్ళిలో 2015లో వచ్చింది, వరంగల్‌లో 2017లో వచ్చింది. అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం దీనికి జాతీయ విధానం ప్రకటించింది.

ఇక మీ ఇంటి సంగతి. మూత తెరవడం మీరు చేయకండి, బండి వాళ్ళను పిలిచి, దూరంగా నిలబడి చూడండి. నీళ్ళు అవుట్‌లెట్ పైపు మట్టం దాకా ఉంటే ట్యాంకు లీకు లేదు, బురద తీయించేయండి. మట్టం ఎంతో కిందుగా ఉంటే అడుగు లేదు లేదా గోడ పగిలింది. బండి పైపు వేసి మొత్తం లాగాక అడుగు కనిపిస్తుందో మట్టి కనిపిస్తుందో ఫొటో తీసి ఇవ్వమనండి. అడుగు వేయించే దాకా మీ బోరు నీళ్ళు, పక్కింటి బోరు నీళ్ళు తాగడానికి వాడకండి. కొత్త ఇల్లు కడుతున్నవాళ్ళు స్లాబుకి ముందే మేస్త్రితో ఈ మాట తేల్చుకోండి: రెండు గదులు, అడుగున కాంక్రీటు, లోపల ప్లాస్టరింగ్, బండి పైపు అందేలా మూతలు. మూతల మీద టైల్స్ పరిచేయొద్దు. డబ్బులిచ్చే ముందు బండి డ్రైవర్‌ని ఎక్కడ దింపుతావని అడగండి. శుద్ధి కేంద్రం పేరు చెప్పకుండా "బయట" అంటే ఇంకో బండిని పిలవండి, మున్సిపల్ ఆఫీసులో లైసెన్స్ ఉన్న బండ్ల నంబర్లు దొరుకుతాయి.