ఇంటిపేరు వెతుక్కున్న మనుషులు

చిరంజీవులు చిన్నికి, బంటికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో బంటి అడిగాడు: "మనమూ నల్లగానే ఉంటాం కదా తాతయ్యా, మరి మనల్ని బ్లాక్ అనరేం?" అని. ఫోన్లో తేలే మాట కాదని అప్పటికి ఊరుకున్నాను.

అమెరికాలో ఆ మాట ఒంటి రంగుకు మాత్రమే పెట్టిన పేరు కాదురా, ముఖ్యంగా ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతిని అలా పిలుస్తారు. మనకు ఇంటిపేరుంది, సొంతూరుంది, మా ముత్తాత పేరేమిటంటే నేను ఠక్కున చెబుతాను. ఆఫ్రికా నుంచి గొలుసులు వేసి ఓడల్లో తెచ్చినవాళ్ల దగ్గర ముందుగా లాక్కున్నవి ఇవే. 1860 జనాభా లెక్కల నాటికి అక్కడ సుమారు 40 లక్షల మంది బానిసలున్నారు. ఆ పట్టికల్లో యజమాని పేరు రాసి, దాని కింద వరసగా వయసు, ఆడో మగో, రంగు, అంతే రాశారు. బానిస పేరుకు గడే లేదు. విడుదలయ్యాక, 1870 లెక్కల్లో గానీ వాళ్లందరి పేర్లూ ఎక్కలేదు. ఇవాళ తమ పూర్వీకుల్ని వెతికేవాళ్లలో చాలామందికి దారి అక్కడే మూసుకుపోతుంది.

విడుదలయ్యాక వాళ్లు ఏం చేశారో తెలుసా? ఎక్కడికో అమ్మేసిన అమ్మ కోసం, బిడ్డల కోసం పేపర్లలో ప్రకటనలు వేయించారు. న్యూ ఆర్లీన్స్‌లో ఒక చర్చి పత్రిక "తప్పిపోయిన ఆప్తులు" అనే అర్థం వచ్చే పేరుతో ఏళ్ల తరబడి ఒక శీర్షికే నడిపింది. చందాదారు కాకపోతే ప్రకటనకు అర డాలరు. చర్చిల్లో పాస్టర్లు వాటిని పైకి చదవాలని కోరేవారు, చదువు రానివాళ్ల చెవిన కూడా పడాలి కదా! మా అమ్మ పేరు ఇది, అప్పటి యజమాని ఫలానా, నన్ను అమ్మేటప్పటికి నేను ఇంత పిల్లని. ఇలా ఉండేవి అవి. విడిపోయి పాతికేళ్లు దాటాక కూడా వేయించారు. చదువుతుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

ఎండాకాలం పార్కుల్లో ఆ బానిసల సంతతి కుటుంబాలవాళ్లు అందరూ ఒకే రకం టీషర్టులు వేసుకుని, వాటి మీద కుటుంబం పేరు అచ్చు వేయించుకుని కలుస్తారు చూడండి, ఆ ఫ్యామిలీ రీయూనియన్ల మీద వాళ్లకు అంత ప్రాణం ఎందుకో ఇప్పుడు మీకే తెలుస్తుంది. నిన్నగాక మొన్న నైజీరియా నుంచి వచ్చినాయన కూడా అక్కడ బ్లాకే. కానీ ఆయన తన ఊరు, భాష తెలిసి వచ్చినవాడు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకండి.

చిన్నీ, నువ్వు కంచంలో పక్కకు నెట్టే బెండకాయ కూడా అమెరికాకు ఆఫ్రికా నుంచే వెళ్లింది. లూసియానాలో పులుసులా చేసే గంబోకు ఆ పేరు ఆఫ్రికా భాషల్లో బెండకాయను పిలిచే మాట నుంచే వచ్చిందంటారు.

జూన్ 19న మీకు సెలవు కదా. 1865లో అదే రోజున టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో, బానిసలందరికీ విడుదల అయిందని ప్రకటించారు. మీ దగ్గర పండుగ జరిగితే అమ్మను తీసుకెళ్లమనండి. ఆ రోజు ఎర్రటి షర్బత్ తాగడం వాళ్ల ఆనవాయితీ. మీకూ ఇస్తారు, తాగి రండి.

మీ తాతయ్య