ఆ రాయి ఎవరిది? ఒకే సినిమాకు రెండు పేర్లు వచ్చిన కథ

తొలి హ్యారీ పాటర్ సినిమా. మంచు కురుస్తున్న రోజులు. మాంత్రికుల బడి గ్రంథాలయంలో హెర్మయినీ ఒక బండ పుస్తకాన్ని మోసుకొచ్చి బల్ల మీద పరిచి, నెలల తరబడి ముగ్గురు మిత్రులూ వెతుకుతున్న మనిషి ఎవరో చదివి వినిపిస్తుంది. నికొలస్ ఫ్లామెల్. ఆ రాయిని తయారు చేసినవాడిగా పేరున్న ఒకే ఒక్కడు. ఏ లోహాన్నైనా మేలిమి బంగారంగా మార్చే రాయి, తాగినవారికి చావు లేకుండా చేసే రసాన్నిచ్చే రాయి. కిందటి ఏడాదే ఆయన తన 665వ పుట్టినరోజు జరుపుకున్నాడట.

ఇంతవరకు చూసినవారందరికీ ఒకటే కథ. రాయి పేరు దగ్గరికి వచ్చేసరికి రెండు దారులు. లండన్ థియేటర్లో కూర్చున్న పిల్లలకు అది 'ఫిలాసఫర్స్ స్టోన్' అని వినిపించింది. న్యూయార్క్ పిల్లలకు 'సోర్సరర్స్ స్టోన్' అని వినిపించింది. ఒకచోట తత్త్వవేత్త రాయి, మరొకచోట మాంత్రికుడి రాయి. తరువాత గొంతు అతికించి చేసిన మార్పు కాదది. రాయి పేరు పలికే సన్నివేశాలను పిల్లలతో రెండుసార్లు నటింపజేసి రెండు రకాలుగా చిత్రీకరించారు. 2001 నవంబరు 16న బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ ఒకే రోజు విడుదలైన తొలి హ్యారీ పాటర్ సినిమా అలా రెండు పేర్లతో, రెండు ఉచ్చారణలతో లోకంలోకి వచ్చింది.

అదే మొదటి పుస్తకం ఇప్పుడు టెలివిజన్ ధారావాహికగా మళ్ళీ తెరకెక్కుతోంది. 2025 జులైలో చిత్రీకరణ మొదలైంది. కొత్త పిల్లలు మళ్ళీ ఆ రాయి పేరు పలకబోతున్నారు కనుక, అసలు ఈ చీలిక ఎక్కడ మొదలైందో చెప్పుకోవడానికి ఇది తగిన సమయం.

చీలిక సినిమాతో రాలేదు, పుస్తకంతో వచ్చింది. 1997 జూన్ 26న లండన్‌లో బ్లూమ్స్‌బరీ సంస్థ ఈ నవలను అచ్చు వేసినప్పుడు గట్టి అట్టతో వేసిన ప్రతులు 500. జె.కె. రోలింగ్ అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని రచయిత్రి. అదే ఏడాది అమెరికాలో స్కొలాస్టిక్ సంస్థ ప్రచురణ హక్కులను 1,05,000 డాలర్లకు కొన్నది. పిల్లల పుస్తకానికి, అదీ తొలి రచనకు, అంత మొత్తం పెట్టినవారికి గుండెలో కొంత దడ ఉండడం సహజమే. 'ఫిలాసఫర్' అన్న మాట వినగానే అమెరికా పిల్లలు ఇదేదో గంభీరమైన తత్త్వశాస్త్రపు పుస్తకం అనుకుంటారని, మంత్రాల కథ అని పేరులోనే తెలియాలని అక్కడి సంపాదకుడి ఆలోచన. 'హ్యారీ పాటర్, మంత్రవిద్యా పాఠశాల' అనే అర్థం వచ్చే పేరు కూడా చర్చకు వచ్చింది. రోలింగ్ ఒప్పుకోలేదు. చివరికి 'సోర్సరర్స్ స్టోన్' దగ్గర రాజీ కుదిరింది. 1998 సెప్టెంబరులో పుస్తకం ఆ పేరుతోనే అమెరికా దుకాణాలకు చేరింది. రోలింగ్ వద్దన్న పేరు లాంటిదే ఫ్రెంచి అనువాదానికి పెట్టారు. ఫ్లామెల్ పుట్టి పెరిగిన దేశంలోనే అట్ట మీద నుంచి ఆయన రాయి మాయమైంది.

ఆ మార్పుకు ఒప్పుకున్నందుకు తరువాత బాధపడ్డానని, కాస్త నిలదొక్కుకున్నాక అయితే పోరాడేదాన్నని రోలింగ్ చెప్పారు. అప్పటికి పేరు జనంలోకి వెళ్ళిపోయింది. వార్నర్ బ్రదర్స్ సంస్థ సినిమా తీసేనాటికి అమెరికాలో ఆ పుస్తకాన్ని మరో పేరుతో ఎవరూ ఎరగరు. దర్శకుడు క్రిస్ కొలంబస్ అమెరికావారు, సినిమా రచయిత స్టీవ్ క్లోవ్స్ కూడా అమెరికావారే. అయినా నటులు బ్రిటన్‌వారే ఉండాలన్న రోలింగ్ మాట నెగ్గింది. కింగ్స్ క్రాస్ రైల్వే స్టేషన్, గ్లాస్టర్ కెథడ్రల్ వసారాలు, ఆల్నిక్ కోట, ఆక్స్‌ఫర్డ్ మెట్లు అన్నీ ఉన్నవి ఉన్నట్టు తెరకెక్కాయి. ఇంత పట్టుదలగా బ్రిటిష్‌గా ఉంచిన సినిమాలో అట్లాంటిక్ దాటగానే మారినది రాయి పేరొక్కటే. ఒక్క మాటే కదా అని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం అది చిన్న నష్టంగా కనిపించదు. ఆ ఒక్క మాట వెనుక కొన్ని వందల ఏళ్ళ చరిత్ర ఉంది.

లాటిన్‌లో ఆ రాయి పేరు 'లాపిస్ ఫిలాసఫోరుమ్'. తత్త్వవేత్తల రాయి అని అర్థం. ఇక్కడ తత్త్వవేత్త అంటే జీవితం గురించి సూక్తులు చెప్పే పెద్దమనిషి కాడు. ప్రకృతి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలని కొలిమి ముందు కూర్చున్నవాడు. ఈనాడు శాస్త్రవేత్త అని మనం పిలిచే మనిషికి ఇంగ్లీషులో 'సైంటిస్ట్' అన్న పేరు 1830లలో గానీ పుట్టలేదు. విలియం హ్యూవెల్ దాన్ని కల్పించాడు. అంతవరకు ఆ పని చేసేవారంతా ఫిలాసఫర్లే. లండన్ రాయల్ సొసైటీ 1665లో మొదలుపెట్టిన పత్రిక పేరులో ఉన్నదీ ఆ మాటే. 1687లో న్యూటన్ వెలువరించిన మహాగ్రంథం పేరుకు అర్థం 'ప్రకృతి తత్త్వశాస్త్రపు గణిత సూత్రాలు'. లోహాలను బంగారం చేయాలని చూసిన రసవాదులు తమను ఆ వరుసలోనే నిలబెట్టుకున్నారు. మాంత్రికులమని చెప్పుకోలేదు సరికదా, ఎవరైనా అలా అంటే భయపడేవారు. మంత్రవిద్యతో ప్రాణం తీశారని రుజువైతే 1563, 1604 నాటి ఇంగ్లండు చట్టాల ప్రకారం ఉరి.

బంగారం తయారు చేసేవారికీ అక్కడ వేరే చట్టం ఉండేది. 1404లో నాలుగవ హెన్రీ కాలంలో వచ్చింది. లోహాలను బంగారంగానో వెండిగానో మార్చి పెంచడం నేరమని అందులో రాశారు. కల్తీ నాణేల భయం ఒకటి, నిజంగానే ఎవడైనా బంగారం కుప్ప పోస్తే రాజుగారి ఖజానా విలువ ఏమవుతుందన్న భయం మరొకటి. ఆ చట్టం 285 ఏళ్ళు నిలిచింది. 1689లో దాన్ని రద్దు చేయించడానికి పాటుపడినవారిలో రాబర్ట్ బాయిల్ ఒకరు. బడిలో వాయువుల పీడనం గురించి మనం చదువుకునే బాయిల్ నియమం ఆయనదే. లోహం బంగారమవుతుందని ఆయన నమ్మాడు. న్యూటన్ అంతకన్నా గాఢంగా నమ్మాడు. రసవాదం మీద ఆయన రాసిపెట్టుకున్న కాగితాలలో దాదాపు పది లక్షల మాటలు ఉంటాయని అంచనా. ఫ్లామెల్ పేరుతో వచ్చిన పుస్తకం నుంచి కూడా వాటిలో నోట్సు ఉంది. 1936లో లండన్‌లో ఆ కాగితాలు వేలానికి వచ్చాయి. ఆర్థికవేత్త కీన్స్ చాలా భాగం సేకరించి కేంబ్రిడ్జికి చేర్చాడు. అవి చదివాక న్యూటన్‌ను ఆయన 'మాంత్రికులలో చివరివాడు' అన్నాడు.

తత్త్వవేత్త, మాంత్రికుడు అనే రెండు మాటల మధ్య గీత అంత సన్ననిది. ఆ సన్నని గీత మీదే రోలింగ్ తన కథను నిలబెట్టింది. 'ఫిలాసఫర్స్ స్టోన్' అని పేరు పెడితే ఒక పదేళ్ళ పాప ఏదో ఒక రోజు నిఘంటువు తెరిచి వెతుకుతుంది, వెతికితే న్యూటన్ దాకా వెళుతుంది. 'సోర్సరర్స్ స్టోన్' అని వెతికితే తిరిగి హ్యారీ పాటర్ దగ్గరికే వస్తుంది. ఆ పేరుకు ముందు చరిత్ర లేదు.

ఇక ఫ్లామెల్. సినిమాలో ఆయన కనిపించడు, మాటల్లోనే ఉంటాడు. అందుకే చాలామంది ఆయనను కల్పిత పాత్ర అనుకుంటారు. నికొలా ఫ్లామెల్ పదునాలుగో శతాబ్దపు పారిస్ నగరవాసి. సుమారు 1330లో పుట్టాడు. వృత్తి లేఖరి. చదువురానివారికి పత్రాలు రాసిపెట్టడం, పుస్తకాలకు నకళ్ళు తీయించి అమ్మడం. సెయింట్ జాక్ చర్చి పక్కన అంగడి. పెర్నెల్ అనే వితంతువును పెళ్ళాడాడు. ఆమెకు అంతకుముందు రెండు పెళ్ళిళ్ళ ద్వారా కొంత ఆస్తి వచ్చింది. భార్యాభర్తలిద్దరూ ఇళ్ళు కొన్నారు, అద్దెలకిచ్చారు, చర్చిలకు దానాలు చేశారు. 1397లో పెర్నెల్ చనిపోయింది. 1407లో ఆయన కట్టించిన ఇల్లు పారిస్‌లో మోంమొరాన్సీ వీధి 51వ నంబరులో ఈనాటికీ ఉంది. ఆ నగరంలో మిగిలిన అతి పాత రాతి ఇల్లు అదేనంటారు. దాని ముఖద్వారం మీద చెక్కిన వాక్యం చదివితే మనసు నిండుతుంది. ఈ ఇంట ఉండే శ్రామికులైన స్త్రీపురుషులమైన మేము, గతించిన పేద పాపులను దేవుడు క్షమించాలని రోజూ ఒక ప్రార్థన చేయవలసి ఉన్నది, అని దాని సారాంశం. బీదలకు నీడ ఇచ్చి, అద్దెకు బదులు ప్రార్థన అడిగిన మనిషి.

రసవాదం ఎక్కడుంది ఇందులో? ఆయన బతికుండగా చేసినట్టు ఏ ఆధారమూ లేదు. లేఖరికి అంత ఆస్తి ఎలా వచ్చిందన్న ఊరి గుసగుసే తరువాతి తరాలలో కథగా మారింది. 1612లో పారిస్‌లో ఒక పుస్తకం ఫ్లామెల్ స్వయంగా రాసినట్టుగా వెలువడింది. అబ్రహాం అనే యూదుడి పేరున్న వింత గ్రంథాన్ని రెండు నాణేలకు కొన్నానని, అందులోని బొమ్మలు ఇరవై ఏళ్ళు అర్థం కాలేదని, స్పెయిన్ యాత్రలో ఒక పండితుడు విప్పి చెప్పాడని, 1382లో మొదట వెండి, తరువాత బంగారం చేశానని అందులో ఉంది. 1624లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అక్కడి నుంచి న్యూటన్ చేతికి, మూడు శతాబ్దాల తరువాత రోలింగ్ చేతికి. నవలలో ఫ్లామెల్ భార్య పేరు కూడా మార్చలేదు. పెర్నెల్‌ను పెరెనెల్‌గా భద్రంగా ఉంచారు.

సినిమాలో మరో ముచ్చట ఉంది. రాత్రివేళ హ్యారీ అదృశ్యమయ్యే దుప్పటి కప్పుకుని, చేత లాంతరు పట్టుకుని, పిల్లలను రానివ్వని పుస్తకాల అరల మధ్య ఫ్లామెల్ కోసం వెతుకుతాడు. ఆ సన్నివేశం తీసింది ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయంలో, డ్యూక్ హంఫ్రీ పేరున్న పాత పఠన మందిరంలో. లోపల నిప్పు వెలిగించనని పాఠకులు ప్రమాణం చేయవలసిన గ్రంథాలయం అది. పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లండు రసవాద గ్రంథాలను ఏరికోరి సేకరించిన ఇలియాస్ ఆష్మోల్ రాతప్రతులు 1860 నుంచి ఆ గ్రంథాలయంలోనే ఉన్నాయి. తెర మీద కుర్రవాడు వెతికిన విద్య నిజంగానే ఆ సంస్థ అరల్లో ఉంది.

మన భాషకు వచ్చేసరికి ఈ తగువు తనంతట తానే తీరిపోయింది. నవల తెలుగు అనువాదానికి పెట్టిన పేరు 'పరుసవేది'. ఇంతకన్నా మంచి మాట మరొకటి దొరకదు. ఆ రాయి ఎవరిదన్న ప్రశ్న ఇంగ్లీషుది. ఆ రాయి ఏం చేస్తుందన్నది తెలుగు పట్టించుకున్న సంగతి. రసశాస్త్రంలో లోహాన్ని మార్చే క్రియను 'వేధ' అంటారు. తాకినంతనే ఆ వేధ చేసేది స్పర్శవేధి. జనం నోట అది పరుసవేది అయింది. తత్త్వవేత్తా లేడు, మాంత్రికుడూ లేడు.

ఆ మాట తెలుగువారికి అరువు తెచ్చుకున్నదీ కాదు. హనుమకొండ దగ్గర సరుకుల బండి ఒకటి దిగబడి, చక్రపు ఇనుప పట్టా అక్కడి రాతికి సోకి బంగారమైందని, ప్రోలరాజు అక్కడ తవ్వించగా పరుసవేది లింగం బయటపడిందని, దాని చుట్టూ ఓరుగల్లు వెలసిందని కాకతీయుల గాథలు చెబుతాయి. పదిహేనవ శతాబ్దంలో గౌరన శ్రీశైల మఠం కోసం ద్విపదలో రాసిన 'నవనాథచరిత్ర' సిద్ధుల కథల కావ్యం. ఆ సిద్ధ సంప్రదాయంలో పాదరసం రెండు పనులు చేయాలి. లోహాన్ని బంగారం చేయాలి, దేహాన్ని చావు నుంచి తప్పించాలి. లోహంలో ఎలాగో దేహంలోనూ అలాగే అని రసశాస్త్ర గ్రంథం 'రసార్ణవం' సూత్రీకరించింది. హెర్మయినీ పుస్తకంలో చదివి వినిపించిన రెండు లక్షణాలూ అవే. 'సోర్సరర్స్ స్టోన్' అంటే తెలుగు పిల్లలకు ఈ పోలిక తట్టదు, 'పరుసవేది' అంటే తడుతుంది.

2017 అక్టోబరులో, నవల వచ్చి ఇరవై ఏళ్ళయిన సందర్భంగా, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఒక ప్రదర్శన పెట్టింది. రాయిని తయారు చేసే తీరును బొమ్మలతో చెప్పే, దాదాపు ఆరు మీటర్ల పొడవున్న 'రిప్లీ' రాతప్రతి చుట్టను అక్కడ పరిచారు. పారిస్‌లోని క్లూనీ మ్యూజియం నుంచి ఫ్లామెల్ సమాధి ఫలకాన్ని తెచ్చి ఉంచారు. చావకముందే ఆయన తన కోసం చేయించుకున్న రాయి అది. పైన క్రీస్తు, ఇరువైపులా ఇద్దరు అపొస్తలులు, సూర్యచంద్రులు. కింద కుళ్ళిపోతున్న ఒక శవం. సినిమా చివర రాయి ధ్వంసమైందని బడి ప్రధానోపాధ్యాయుడు డంబుల్‌డోర్ చెప్పినప్పుడు హ్యారీ మొదట అడిగేది ఫ్లామెల్ చనిపోతాడు కదా అని. ఆ ఫలకం మీద అసలు ఫ్లామెల్ చెక్కించుకున్న మాటలు ఇవి: మట్టి నుంచి వచ్చాను, మట్టికే తిరిగి వెళుతున్నాను.